ఏడో నంబరు జెర్సీ

ఆ ఫుట్‌బాల్ కప్పు పోటీ మూన్నాళ్ళ ముచ్చటే అయింది. రెండేళ్ళు ఆడారు, అంతే. ఒక దేశం క్లబ్బు, ఇంకో దేశం క్లబ్బు ఇక్కడో ఆట, అక్కడో ఆట ఆడాలి. వచ్చిన జట్టు బట్టలు అక్కడివాళ్ళే ఉతికిపెట్టాలని ఒప్పందం. మా స్టేడియం లాండ్రీలో ఆ పని నాదీ, మా అక్కదీ. రెండేళ్ళూ మాకు తగిలింది ఒకే క్లబ్బు.

ఆ క్లబ్బులో మాలాగే బట్టలు ఉతికి సర్దే మనిషి ఒకడు జట్టుతో వచ్చేవాడు. ప్రతి మేజోడునీ మూడుసార్లు లెక్కపెట్టేవాడు. లెక్కల మాష్టారని పేరు పెట్టాం. ఒకరి భాష ఒకరికి రాదు. వేళ్ళు చూపించుకుంటూ లెక్క ఒప్పజెప్పుకునేవాళ్ళం. మొదటి ఏడాది మా బట్టలు అక్కడ అతనే ఉతికి పంపాడు, ఒక్కటీ తగ్గలేదు. రెండో ఏడాది వస్తూ నాకు చేతులకు రాసుకునే క్రీము తెచ్చాడు. సబ్బునీళ్ళకి పగిలిన నా వేళ్ళని చూసిన మగాడు అతనొక్కడే.

"మాష్టారు లెక్క మరిచిపోయేలా ఉన్నాడే" అంది అక్క.

ఆఖరి రోజు వాళ్ళ ఏడో నంబరు జెర్సీని ఇస్త్రీ బల్ల కింద దాచేశాను. నా పనిలో నేను చేసిన దొంగతనం అదొక్కటే. అడగడానికైనా మళ్ళీ వస్తాడని ఆశ. అతను మూడుసార్లు లెక్కపెట్టాడు, నా మొహం చూశాడు, సంచి జిప్పు వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు వారాలకి మా జట్టు అక్కడ ఆడి తిరిగొచ్చింది. సంచి విప్పి లెక్కపెడితే ఒకటి తక్కువ. మా ఏడో నంబరు లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజంతా నా కాళ్ళు నేలమీద లేవు.

ఆ ఏడాదితోనే కప్పు రద్దయింది.

తొమ్మిదేళ్ళయింది. మొన్న కొత్త స్టోర్‌కీపరు సామాన్లు సర్దిస్తూ ఆ జెర్సీ బయటికి లాగాడు. మన రంగు కాదు, పుస్తకంలో లేదు, నేల తుడవడానికి వాడేద్దామన్నాడు. చేతిలోంచి లాక్కున్నాను.

"లెక్క సరిపోయిందండీ. మనది ఒకటి వాళ్ళ దగ్గరుంది, వాళ్ళది ఒకటి మన దగ్గరుంది."

ఆయన సరేనని రాసుకుని వెళ్ళాడు. మా ఏడో నంబరు అతను ఉంచుకోవడం నాకిచ్చిన జవాబని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. లెక్క సరిపోయాక ఇంక అడగడానికి ఎవరొస్తారు?

"ఇలా తే, దుమ్ము పట్టింది" అంది అక్క.

ఇవ్వలేదు. నేనే ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ ఆ బల్ల కిందే పెట్టాను.