నొగ మీద బరువు

ఏటా చలికాలం గడిపే అరిజోనా ఎడారి విడిది నుంచి బయలుదేరేముందు వెర్లా ట్వైట్ తన భర్త ఓరిన్‌తో ఒక బేరం కుదుర్చుకుంది. ఉత్తర డకోటాలోని ఇంటిదాకా పికప్ తనే నడుపుతుంది, వెనక ట్రైలర్ ఇల్లు వస్తుంది. దారిలో ఆ ట్రైలర్ ఒక్కసారి భయపెట్టినా చాలు, స్కాట్స్‌బ్లఫ్ ఊళ్ళో పాత ట్రైలర్లు కొని అమ్మే మనిషికి దాన్ని అప్పగించి, వట్టి పికప్‌లో ఇంటికి పోవాలి. ఆ మనిషికి ఫోన్ కూడా చేసింది. గురువారం సాయంత్రం దాకా చూస్తానన్నాడతను.

వేరే దారి లేదు. వచ్చేటప్పుడు కాస్త మసగ్గా ఉన్న ఓరిన్ చూపు ఫిబ్రవరి కల్లా నడిమధ్య పూర్తిగా పోయింది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ట్రైలర్ పోతే ఇక చలికాలాలు కూడా పోయినట్టే. హోటల్ గదుల్లో చలికాలం గడిపే రకం కాదు ఇద్దరూ.

ఇరవై రెండు చలికాలాలంటే రానూపోనూ నలభై నాలుగు ప్రయాణాలు. అందులో నలభై మూడు ఓరిన్ నడిపాడు. వెర్లా పని ఎప్పుడూ వెనకే. పొద్దున్నే ట్రైలర్ తోక దగ్గర నిలబడి దీపాలు చూసేది. "ఎడమది!" అని అతను లోపల్నుంచి అరిచేవాడు, "వెలిగింది!" అని ఆమె అరిచేది. చుట్టూ ఇంకో పది ట్రైలర్ల దగ్గర పది జంటలు అవే అరుపులు అరుస్తుంటే, ఏప్రిల్ మొదటి వారంలో ఎడారి కోళ్ళగూడులా ఉండేది. ఐయోన్ హౌగెన్ అయితే తన మొగుడికి దీపం సంగతి చెబుతూనే అందరికీ పాన్‌కేకులు వేసేది. చెప్పుల్లా సాగేవవి. అయినా ఒక్కరూ మిగిల్చేవారు కాదు. ఈ ఏడు అక్కడ మూడే ట్రైలర్లు. మిగతా ఎనిమిదింటి లెక్క వెర్లాకు నోటికి వచ్చు: అయిదు చోట్ల మనుషులు పోయారు, రెండు చోట్ల మోకాళ్ళు పోయాయి, ఒకాయన కూతురి దగ్గర చేరాడు. ఐయోన్ ఆ మొదటి అయిదింట్లో ఉంది.

సామాను సర్దడం కూడా ఇన్నేళ్ళూ ఓరిన్ పనే. ఈసారి వెర్లా సర్దింది. ముప్పై ఏళ్ళు విత్తనాలూ దాణా అమ్మిన మనిషి, సరుకు బండి సర్దడం ఒకరు నేర్పాలా? ముందు దిగాల్సింది చివర ఎక్కాలి. చలికాలమంతా బేరాలాడి పోగేసిన అయిదు పెట్టెల రంగురాళ్ళు ముందుగా దిగుతాయి, దక్షిణ డకోటా కొండల్లో యాత్రికులకు జ్ఞాపికలు అమ్మే దుకాణంలో. కాబట్టి వాటిని ట్రైలర్ వెనక అరలో, తలుపు తీయగానే చేతికందేలా పెట్టింది. ఎడారి నీళ్ళు అలవాటైన నోరు కదా అని వెనకవైపున్న నీళ్ళ తొట్టి కూడా నింపింది.

"రాళ్ళెక్కడ పెట్టావే?" అన్నాడు ఓరిన్.

"పెట్టాల్సిన చోట."

"అదెక్కడ అని."

"దుకాణం నడిపింది ఎవరూ? నువ్వా, నేనా?"

ఓరిన్ పికప్‌లో పక్క సీటు ఎక్కి కూర్చున్నాడు. మొదటిసారి నడపబోయే మనిషిని పొద్దున్నే గుచ్చడమెందుకని ఊరుకున్నాడేమో.

రెండు రోజులు బాగానే గడిచాయి. వెనక నుంచి సన్నగా ఊపు తెలుస్తూనే ఉంది. ట్రైలర్ అన్నాక ఊగదా అనుకుంది వెర్లా. ఆమె నెమ్మదిగా పోతే, ఓరిన్ కిటికీలోంచి పక్కలు చూస్తూ పాత లెక్కలు చెప్పేవాడు. ఇదిగో ఈ పెట్రోలు బంకు దగ్గరే డెబ్బయ్యారులో టైరు పేలింది, అదిగో ఆ చెట్ల దగ్గర నువ్వు నాతో ఒక పగలంతా మాట్లాడలేదు. "ఎందుకు మాట్లాడలేదో గుర్తుందా?" అంది వెర్లా. "కారణం గుర్తులేదు. హాయిగా ఉండింది, అది గుర్తుంది" అన్నాడు. నవ్వు ఆపుకోలేక ఆమె వేగం తగ్గించాల్సి వచ్చింది.

మూడోరోజు, గురువారం, షయన్ ఊరు దాటాక ధైర్యం వచ్చింది. పొడుగాటి పల్లం, పడమటి గాలి, వేగం ముల్లు అరవై అయిదు మీద. అప్పుడు పశువుల లారీ ఒకటి పక్కనుంచి దాటింది. లారీ ముక్కు ముందు తెచ్చిన గాలి ట్రైలర్‌ని బయటికి నెట్టింది, దాటిపోతున్న లారీ మళ్ళీ లోపలికి లాగింది. ఆ తర్వాత లారీ వెళ్ళిపోయినా ఊపు పోలేదు. వెనక ఇల్లంతా ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తోక కొడుతోంది. కొట్టిన కొద్దీ పెరుగుతోంది. పికప్ నడుం విరిగినట్టయింది. వెర్లా కాలు బ్రేకు మీదికి పోయింది.

"బ్రేకు వద్దు!" ఓరిన్ అరిచాడు. "కాలు తియ్యి! చక్రం తిప్పకు, తిన్నగా పట్టుకో!"

"పోతున్నాం ఓరిన్, పోతున్నాం!"

"పోం! నీ మోకాలి దగ్గర చిన్న మీట ఉంది, అది నొక్కు. ట్రైలర్ బ్రేకది. మెల్లిగా... ఇంకొంచెం..."

మీట నొక్కగానే వెనక ఎవరో తాడు పట్టి లాగినట్టయింది. ఊపు సగమైంది, అందులో సగమైంది, ఆగింది. వెర్లా పికప్‌ని రోడ్డు వారకి దించి, ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆమే ముందు అంది. "బేరం బేరమే. భయపెట్టింది. స్కాట్స్‌బ్లఫ్‌లో ఇచ్చేద్దాం."

ఓరిన్ బయటకు దిగి, ట్రైలర్ గోడ మీద అరచేయి ఆనించి, తడుముకుంటూ వెనకదాకా పోయాడు. తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఆ రాళ్ళు వెనక అరలో ఉన్నాయి కదూ?"

"అయితే?"

"నీళ్ళ తొట్టి నిండుగా ఉంది కదూ?"

"ఉంటే?"

"వెర్లా, నువ్వు బండి సర్దలేదే. కొట్టు సర్దావు." అతనికి నవ్వొస్తోంది. "తోక బరువెక్కితే ముక్కు తేలిపోతుంది. ముక్కు తేలిన ట్రైలర్ ఏం చేస్తుంది? తోక ఊపుతుంది."

"ఇదంతా బయలుదేరేముందు చెప్పొచ్చుగా!"

"అడిగాను. దుకాణం నడిపిందెవరన్నావు."

ముప్పై ఏళ్ళలో ఏ రైతూ వెర్లాను ఇలా తన కొట్టు లెక్కతోనే పట్టుకోలేదు. కానీ ఆమెకు నోటి మాట మీద నమ్మకం లేదు, ఓరిన్ మాటైనా సరే. తూస్తేనే నమ్ముతుంది.

నాలుగు మైళ్ళు ప్రాణాలు బిగబట్టి నడిపితే ఒక చిన్న ఊరు, ఊరి చివర ధాన్యం గోదాము, దాని ముందు లారీల కాటా. కాటా చూసే కుచెరా అనే మనిషి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ బయటికొచ్చాడు.

"తూస్తావా నాయనా?"

"గోధుమల కాలం కాదుగా, కాటా ఖాళీయే, తూస్తానమ్మా. ఎడారి నుంచి ఇంటికెళ్ళేవాళ్ళేగా? ఏప్రిల్లో మీలాంటోళ్ళు వారానికొకరు వస్తారు. ఏం తెస్తున్నారు, రాళ్ళా, బత్తాయిలా?"

"రాళ్ళు."

"బత్తాయిలయితే నాలుగు తీసుకునేవాణ్ణి" అన్నాడు కుచెరా.

ట్రైలర్‌ని పికప్ నుంచి విప్పడం వెర్లా ఎప్పుడూ చేయలేదు. ఓరిన్ పక్కన నిలబడి చెప్పాడు, ఆమె చేసింది. పికప్ కొక్కేనికి తగిలించే ముందరి ఇనుప నొగ, దాని కింద నిలబెట్టిన జాకీ, చక్రాలు అన్నీ కాటా మీద ఉన్నప్పుడు ట్రైలర్ మొత్తం అయిదువేల రెండొందల పౌండ్లు. ట్రైలర్‌ని కొంచెం జరిపి, చక్రాలు కాటా మీద ఉంచి జాకీని బయట పెట్టించాడు కుచెరా. నాలుగువేల తొమ్మిదొందలు. అంటే నొగ మీద మూడొందలే.

"వందకి ఎన్ని పాళ్ళు ఉండాలి?" అంది వెర్లా.

"పదికి తగ్గకూడదు. పదిహేను దాటకూడదు" అన్నాడు ఓరిన్.

వెర్లా అరచేతి మీద వేలితో లెక్క వేసింది. ఆరు పాళ్ళు కూడా లేదు. తనే ఒక రైతుకి వంద గింజల్లో ఆరు మొలకెత్తే విత్తనం అమ్మినట్టుంది.

రాళ్ళ పెట్టెలు ఒక్కోటి యాభై పౌండ్లు. అయిదింటినీ ఆమే మోసి ముందువైపు మంచం కింద పెట్టి, కదలకుండా దుప్పట్లు కుక్కింది. కుచెరా సాయం చేయబోతే వద్దంది. తను చేసిన తప్పు బరువెంతో తన నడుముకు తెలియాలనిపించింది. నీళ్ళ తొట్టి గోదాము వెనక గడ్డిలోకి వదిలింది. మళ్ళీ తూచారు. మొత్తం నాలుగువేల తొమ్మిదొందల అరవై, నొగ మీద ఆరొందల నలభై. పదమూడు పాళ్ళకు కాస్త తక్కువ.

"నువ్వెప్పుడైనా తూచావా, ఇన్నేళ్ళలో?" అని ఓరిన్‌ని అడిగింది.

"మొదటేడు తూచాను. తర్వాత నొగ ఎత్తినప్పుడు చేతికి తెలిసేది."

నలభై మూడు సార్లు అతని చేయి తూచిన బరువది. తను వెనక నిలబడి దీపాలు చూస్తున్నంతసేపూ ముందు ఇంత పని జరుగుతుండేదని ఆమెకు తెలియనే లేదు. నొగని మళ్ళీ కొక్కేనికి ఎక్కించి, గొలుసులు తగిలించి, దీపాల తీగ గుచ్చి, దీపాలు చూడమని ఓరిన్‌ని వెనక్కి పంపింది. అతను ఒకవైపుకి తిరిగి కంటి పక్కనుంచి చూసి అరిచాడు, ఆమె లోపల్నుంచి అరిచింది. కుచెరా గింజలు ఉమ్మి తల ఊపాడు.

ముల్లు యాభై అయిదు దాటనివ్వలేదు. టారింగ్టన్ ఊరి దగ్గర ఒక లారీ దాటింది. ట్రైలర్ భుజం తగిలినట్టు ఒకసారి కదిలి ఊరుకుంది. ఇంకో లారీ, ఇంకోటి. నాలుగోది దాటేసరికి ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఓరిన్ కళ్ళు మూసుకుని వీపుతో వింటున్నాడు.

"ఎలా ఉంది?" అంది.

"నేను నడిపినట్టుంది."

"అంత బాలేదా?"

స్కాట్స్‌బ్లఫ్‌లో ఆ అమ్మకాల జాగా రోడ్డు పక్కనే ఉంది. వెర్లా లోపలికి తిప్పింది. ఓరిన్ ఆమె వైపు తిరిగాడు.

"ఇచ్చేస్తున్నామా?"

"మాట ఇచ్చిన మనిషికి లేదని ఎదురుగా చెప్పాలి. ఫోన్లో చెప్పడం నా పద్ధతి కాదు."

యజమాని కాగితాలు పట్టుకుని వచ్చాడు. వెర్లా దిగి చెప్పింది. బేరం ట్రైలర్ భయపెడితే అని. ట్రైలర్ భయపెట్టలేదు, నేనే దాన్ని భయపెట్టాను. నీ సాయంత్రం వృథా చేశాను, క్షమించు. అతను కాసేపు ట్రైలర్ వంకా, కాసేపు ఆమె వంకా చూసి, కాగితాలు మడిచాడు.

"సరే అమ్మా. రివర్స్ చేసుకుని వెళ్ళిపోండి."

వెర్లా చుట్టూ చూసింది. ముందు మూడు ట్రైలర్లు అడ్డం. వెనక రోడ్డు.

"అది ఇంకా నేర్చుకోలేదు" అంది. "ఆ మూడూ పక్కకి జరుపు. నేను ముందుకే పోతాను."

అతను తాళంచెవులు తేవడానికి వెళ్ళాడు. పికప్ లోపల ఓరిన్ నవ్వుతూ అద్దం దించాడు.

"వచ్చే అక్టోబరు లోపల నేర్పుతాను."

"ముందు జరపనీ" అంది వెర్లా.