ఇల్లాలు లేనివాడి ఇల్లు

నాగరికత సిమెంటు మీద నిలబడి ఉందని నమ్మేవారు సిమెంటు గోడను తడపడం ఎన్నడూ చూసి ఉండరు. పద్నాలుగు రోజులపాటు పూటపూటకూ నీళ్ళు తాగించకపోతే, ఎంతటి శిల్పి కట్టిన గోడైనా పదిహేనో నాడు గోటికి రాలిపోతుంది. ఈ మహాసత్యభారాన్ని ఉప్పలగుప్తం పక్కన ఒక గృహసేవా సంఘం కట్టిస్తున్న కాలనీలో, రబ్బరు గొట్టం చేతబట్టి, లోవరాజు ఒంటరిగా మోస్తున్నాడు.

ఆ ఉదయం అతను ముప్పైయొకటో ఇంటి పడమటి గోడ ముందు నిలబడి ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు, పొట్టివాడు. సిమెంటు నీళ్ళకు పిక్కలు బూడిద పూసినట్టు తెల్లబడ్డాయి. గొట్టం మూతిని నొక్కి నీటిని జల్లుగా విరజిమ్మే కుడిచేతి బొటనవేలు ఆరేళ్ళలో గరిటెలా చదునైపోయింది. వలతాళ్ళు కోసిన పాత గీతలు మాత్రం అరచేతుల్లో అలాగే ఉన్నాయి. ఇక్కడి బోరు నీళ్ళు ఉప్పన. ఉప్పునీళ్ళు గోడను తింటాయి. అందుకే కాలువ నుంచి వచ్చే ప్రతి ట్యాంకరు నీళ్ళనూ ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు మీద ఇంజనీరు కూడా అప్పీలుకు వెళ్ళేవాడు కాదు.

అలా సంఘం కట్టించిన కాలనీలన్నిటా కలిపి నూటపన్నెండు ఇళ్ళను గట్టిపరచి, తాను మాత్రం సిమెంటు గోడౌనులో బస్తాల పక్కన పడుకునేవాడు. నూటపదమూడోది, అంటే ఈ కాలనీలో ముప్పైయొకటో నంబరు, తనకు ఇమ్మని అడిగాడు. సంఘం నిబంధన ప్రకారం ఇల్లు ఆడవారి పేరునే రాస్తారు. లోవరాజుకు పెళ్ళి కాలేదు. ఇల్లాలు లేనివాడికి ఇల్లు లేదని తేల్చిన కార్యదర్శి మాణిక్యాలరావు గారు, పూర్వాశ్రమంలో హెడ్మాస్టరు కాబట్టి, ఒక మినహాయింపు కూడా కనిపెట్టారు: తోడబుట్టినదైనా సరే, సంతకం పెట్టి కలిసి ఉంటే చాలునన్నారు.

తోడబుట్టినది ఉంది. కాట్రేనికోన దగ్గర అద్దెపాకలో ఉంటున్న అక్క మంగాయమ్మ. తండ్రి ఇంట్లో వాటా దగ్గర పద్దెనిమిదేళ్ళ క్రితం ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ తరవాత ఏడో ఏట ఆ ఇంటిని సముద్రం తీసుకుపోయింది. తగాదా మాత్రం చెక్కు చెదరలేదు.

"అయిదింటికల్లా సంతకం పడాలి లోవరాజూ," అన్నారు మాణిక్యాలరావు గారు గొడుగు ముడుస్తూ. "లేకపోతే ఇల్లు జాబితాలో తరవాతవాళ్ళకి వెళ్ళిపోద్ది. మీ అక్కగారు వస్తానన్నారా?"

"ఆయ్. కబురంపేనండి."

"నువ్వే వెళ్ళి అడగలేకపోయేవా?"

"మాటల్లేవు కదండీ."

రెండింటి బస్సుకు మంగాయమ్మ దిగింది. తమ్ముడి వంక చూడకుండా ఆఫీసులోకి నడిచి, గుమస్తా లక్ష్మీతులసి వేలితో చూపించిన చోట, ఒక్కో అక్షరాన్నీ ఒడ్డుకు లాగుతున్నట్టు రాసి సంతకం ముగించింది. తరవాత ఇల్లు చూడాలంది. అక్కడ గోడ తడుపుతున్న తమ్ముడితో పద్దెనిమిదేళ్ళకు తొలి మాట పలికింది:

"ఆ గొట్టం పక్కకి పెట్టరా. చీర తడిసిపోతంది."

లోవరాజు పక్కకు పెట్టాడు. ముప్పైయొకటో ఇంటి మెట్టు మీద కూర్చుని, తాను తడిపిన గోడకు వీపు ఆనించాడు. లోపలినుంచి మంగాయమ్మ గొంతు వినపడుతోంది.

"పొయ్యిగట్టు ఇంతెత్తేంట్రా? నేనేమన్నా కొబ్బరిచెట్టునా?"

"అంతా అంతెత్తేనక్కా."

"కిటికీ పడమటేపు పెట్టేరు. సాయంత్రం ఎండంతా నా మొహానే."

గొట్టంలోంచి నీళ్ళు మెట్టు కిందకు కారుతున్నాయి.

"నిన్నే. అలిగేవా? అలుగు. పద్దెనిమిదేళ్ళు అలిగినోడివి, ఇంకో పూట అలిగితే నాకేం కొత్త? చెప్పేది మాత్రం విను. అటక మీద నా ట్రంకుపెట్టె పెడతాను. నీ వలలూ అవీ అక్కడ పెట్టనివ్వను."

ఆమె అలా పావుగంట మాట్లాడింది. దాచుకున్న మాటలకు అది ఎక్కువ సేపేమీ కాదు. రసీదు పట్టుకొచ్చిన లక్ష్మీతులసి, గొట్టంలోంచి కారుతున్న నీళ్ళు లోవరాజు పాదాల చుట్టూ మడుగు కట్టడం, అతను పాదాలు తీయకపోవడం గమనించి, రసీదు చేతిలోనే ఉంచుకుని చాలాసేపు నిలబడిపోయింది.

గుండె ఆగిందన్నారు. సంతకం అంతకుముందే పడింది గనుక ఇల్లు చెల్లుతుందని మాణిక్యాలరావు గారు నిర్ణయించారు. సంఘం రెండు నిమిషాలు మౌనం పాటించి, లోవరాజు సేవలు చిరస్మరణీయాలని తీర్మానించింది. ఆ సంతాపపు హడావుడిలో, వరసలో తరవాతి ఇళ్ళ గోడలకు రెండు రోజులు ఎవరూ నీళ్ళు పెట్టలేదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక మంగాయమ్మ ఆ ఇంట్లోకి వచ్చింది. తమ్ముడి సామాను తెచ్చుకోమని గోడౌను తెరిచారు. రెండు లుంగీలు, ఒక దుప్పటి, గోడవార నిలబెట్టిన తడిక ఒకటి. కొబ్బరాకులతో కొత్తగా, శ్రద్ధగా అల్లాడు. ఆకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. ఎందుకల్లాడో ఆమెకు ముందు బోధపడలేదు. తెచ్చి ముందుగదిలో, నట్టనడుమ, అడ్డంగా నిలబెట్టి చూసింది. ఈ గోడకూ ఆ గోడకూ వేలెడు ఖాళీ లేకుండా సరిపోయి, ఇల్లు రెండు వాటాలైంది. మనిషి వెళ్ళడానికి దారి విడవలేదు.