యజమాని కారు

ఆ కారుకి మనిషికంటే ఎక్కువ గీర. ఉండదా మరి? ప్రపంచం మొత్తానికి అలాంటివి మూడే చేశారు. ఒకటి ఓడతో సహా మునిగిపోయింది. ఒకటి మ్యూజియంలో గాజు గోడల మధ్య ఉంది. మూడోది టైలరమ్మ ఇంటి పక్క రేకుల షెడ్డులో. దాన్ని మొదట కొన్నది ఒక నాటకాల నటి. ఆవిడ దగ్గర బిస్కెట్ల ఫ్యాక్టరీ ఆయన కొన్నాడు, ఆయన దగ్గర జడ్జిగారు కొన్నారు. అక్కడిదాకా కాగితాలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. చిక్కంతా జడ్జిగారి తర్వాతే వచ్చిపడింది.

జడ్జిగారు ప్రతివాణ్ణీ 'గారు' అనే మనిషి. ముద్దాయిని కూడా 'ముద్దాయిగారూ' అని మర్యాదగా పిలిచి మరీ జైలుకి పంపేవారు. టైలరమ్మ తండ్రి జడ్జిగారి దగ్గరే డ్రైవరు. అందుకే ఆయన్ని ఇప్పటికీ వీధంతా డ్రైవరుగారనే అంటుంది. జడ్జిగారు పోతూ పోతూ వదిలిన కాగితంలో కింద సంతకం, పైన ఒకే ఒక్క వాక్యం: "నా తర్వాత మా అన్నగారు యజమాని కారు డ్రైవరుగారే". అంతే. చుక్క లేదు, కామా లేదు.

ఆ అన్నగారు కారెక్కితే వాంతులు చేసుకునే రకం, ఇటు తొంగి కూడా చూడలేదు. నలభై ఏళ్ళు గడిచాయి. డ్రైవరుగారు రోజూ కారు తుడిచి, ఆదివారం ఊరంతా ఒక చుట్టు తిప్పి తెచ్చేవారు. టైలరమ్మ సీట్లకి రెండుసార్లు కొత్త తోలు కుట్టింది. ఆవిడకి ఒకటే పట్టుదల. నాన్న కళ్ళు మూసేలోపు రిజిస్ట్రేషను పుస్తకంలో యజమాని అన్న గడిలో ఆయన పేరు చూడాలి. ఎనభై మూడేళ్ళ మనిషిని దారిన పోయేవాళ్ళు "ఎవరి కారు తాతా?" అని అడుగుతుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో అన్నగారి మనవడు, పళ్ళ డాక్టరు, ఎక్కణ్ణించో ఊడిపడ్డాడు. పాత కార్ల ప్రదర్శనకి తాతగారి ఆస్తి కావాలట! చివరికి తగువు రిజిస్ట్రారు బల్ల దగ్గరికి చేరింది. అటు డాక్టరు, ఇటు టైలరమ్మ, మధ్యలో డ్రైవరుగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"చదవండమ్మా," అన్నాడు రిజిస్ట్రారు.

టైలరమ్మ గొంతు సవరించుకుంది. "నా తర్వాత మా అన్నగారు యజమాని కారు. డ్రైవరుగారే! ఇందులో అర్థం కానిదేముందండీ? అన్నగారు కాదు, మా నాన్నే అని."

"కాదండీ," అన్నాడు డాక్టరు, పాపం నెమ్మదిగానే. "మా అన్నగారు యజమాని. కారు డ్రైవరుగారే... అంటే ఈయన ఉత్త డ్రైవరేనని."

గుమాస్తా నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? "సార్, నాకింకోలా అనిపిస్తోంది. అన్నగారు, యజమానికారుడ్రైవరుగారే. అంటే అన్నగారే డ్రైవరన్నమాట. అసలు యజమాని ఎవరో మనం వెతకాలి సార్!"

రిజిస్ట్రారు తల పట్టుకున్నాడు. "ఊపిరి పీల్చినచోటల్లా ఒక యజమాని పుట్టుకొస్తున్నాడేమిటయ్యా! పెద్దాయనా, ఇది రాసేటప్పుడు మీరు పక్కనున్నారా?"

"రాసిందే నేనండి," అన్నారు డ్రైవరుగారు.

టైలరమ్మ గిర్రున తండ్రి వైపు తిరిగింది. "నాన్నా! ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు కదమ్మా." ఆయన రిజిస్ట్రారు వైపు తిరిగారు. "జడ్జిగారికి కంటి ఆపరేషనైందండి. నామీద నమ్మకంతో తెల్లకాగితం మీద ముందే సంతకం పెట్టిచ్చి, వెనక సీట్లో పడుకుని చెప్తున్నారు. నేను స్టీరింగు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో ఆయన 'చుక్క' అన్నారు."

"ఫుల్‌స్టాపు!" రిజిస్ట్రారు కుర్చీలోంచి లేచాడు.

"నేను కంట్లో చుక్కలమందు అడిగారనుకున్నానండి. సీసా మూత తీసేలోపు తర్వాతిది చెప్పేసి, ఇంకేదో అనబోయారు. అప్పుడే కంట్లో చుక్క పడింది. ఆ మందు భలే మంటండి. ఆ పైన అన్నీ కేకలే. విన్నంతమటుకు రాశాను. మిగతాది రేపు చెప్తానన్నారు. తెల్లారేసరికి గుండె ఆగిపోయింది. చుక్క వల్ల కాదండోయ్!"

గుమాస్తా నవ్వాపుకోలేక ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రిజిస్ట్రారు మాత్రం నవ్వలేదు. "జాగ్రత్తగా చెప్పండి. ఏ మాట తర్వాత ఆయన చుక్క అన్నారు? 'యజమాని' తర్వాతా, 'కారు' తర్వాతా?"

టైలరమ్మ బల్ల కింద తండ్రి కాలు గట్టిగా తొక్కింది. ఆ రోజు ఆ కారులో ఉన్నవాళ్ళలో బతికున్నది ఈయనొక్కడే. 'కారు తర్వాత' అని రెండు మాటలంటే చాలు, ఆ గడి ఆయనది.

"యజమాని తర్వాతేనండి," అన్నారు డ్రైవరుగారు, తడుముకోకుండా.

గెలిచిన డాక్టరే బిక్కమొహం వేశాడు. రిజిస్ట్రారు పుస్తకం తెరిచి అతని పేరు రాస్తుంటే, "మిగిలిపోయిన మాట 'నడపాలి' అనే అయ్యుంటుందండీ," అన్నాడు అతను. "ప్రదర్శనకి మీరే తీసుకురండి తాతగారూ. ఆ తర్వాత కూడా షెడ్డు మీదే, తాళం మీదే." డ్రైవరుగారు తలూపి లేచారు.

మెట్ల మీదికి రాగానే టైలరమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "ఈ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను నాన్నా! ఒక్క మాట అటు జరిపితే నీ సొమ్మేం పోయింది? చచ్చేలోపు ఒక్కరోజైనా నిన్ను యజమాని అంటే వినాలనుకున్నాను. అంత పెద్ద తప్పా అది?"

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నారు.

"యజమాని అని రాస్తే, రేపట్నుంచి నన్ను వెనక సీట్లో కూర్చోబెడతారమ్మా."