కనకాంబరం రంగు పువ్వు

బిల్కీస్ టీచర్ బొంతను బల్ల మీద పరిచి ఆఖరి దారం తెంపిందో లేదో, జగపతిరావు చెప్పులు కూడా విప్పకుండా క్లాసులోకి వచ్చేశాడు. ఆయన్ని ఆపలేక రొప్పుతూ వెనకాలే ప్యూను సాంబయ్య.

"గిదేనా టీచరమ్మా, మీరు కుట్టిపిచ్చిన బొంత?"

"గిదే రావు సాబ్. రేపు ఆదిలాబాద్‌ల ఎగ్జిబిషన్‌కు తీస్కపోతున్నం. జర కూసోండ్రి."

ఆయన కూర్చోలేదు. బొంత నడిమధ్య విచ్చుకున్న పెద్ద పువ్వు మీదే చూపు నిలిచిపోయింది. కనకాంబరం రంగు రేకులు, చుట్టూ నల్లంచు.

"సాంబయ్యా, కిర్సనాయిల్ వట్టుకరా. గీ బొంతను కాలవెట్టాలె."

బిల్కీస్‌కు ఏమీ అర్థం కాలేదు. మూలన కూర్చున్న పిల్ల రాజవ్వకు మాత్రం అర్థమైంది. తల ఎత్తలేదు.

ఆ పువ్వు కత్తిరించిన పాత చీర తెచ్చింది రాజవ్వే. ఇళ్లలో పాతబట్టలు ఉంటే తెండి, అతుకు పువ్వులు కుట్టుకుందాం అని టీచర్ చెప్పినప్పుడు, చాకలి ఇంట్లో పుట్టిన ఆ పిల్ల అన్నిటికంటే మెత్తని చీర ఏరి తెచ్చింది. బోథ్ చుట్టుపక్కల పోయినవాళ్ల బట్టలు చాకలి ఇంటికే ఇస్తారు. అది వాళ్ల హక్కు. మరి ఆ చీర ఎవరిదో? టీచర్ అడగలేదు. పాతబట్ట అంటే ఆమెకు పాతబట్టే.

రాజవ్వ కాక, ఎవరిదో పోల్చుకున్నది సుగుణ ఒక్కతే. జగపతిరావు కూతురు. పాతబట్టల బుట్టలో చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది, అది చనిపోయిన తన తల్లిది, అవ్వ చీర అని. ఎవరికీ చెప్పకుండా ఆ ముక్క తనే తీసుకుంది, పువ్వు తనే కత్తిరించింది, రేకు రేకూ తనే కుట్టింది. అయితే నిన్న సాయంత్రం సంతోషం పట్టలేక ఇంట్లో అనేసింది. "బాపూ, అవ్వ చీర మా బడిల ఉన్నదే!"

"చీర నేనే ఇచ్చిన చాకలోళ్లకు," అన్నాడు జగపతిరావు ఇప్పుడు టీచర్‌తో. "గా తెచ్చిన పిల్ల తప్పేం లేదు. గని పోయినామె బట్టను నా బిడ్డ ఒళ్లె వెట్టుకోని కుట్టింది. ఇంట్ల చిన్నోనికి జరం దిగుతనే లేదు. మీకెర్క లేదు టీచరమ్మా. తల్లి పిలుస్తున్నది వాన్ని."

"జరానికి దవాఖాన ఉన్నది గద రావు సాబ్!"

"మంచిర్యాల దాక తీస్కపోయొచ్చిన. సూదులేసిండ్రు. దిగలే. ఇంకేం చెయ్యమంటరు నన్ను?"

కోపంగా ఉంటే వాదించవచ్చు. ఇది కోపం కాదు. బిల్కీస్ సుగుణ వైపు చూసింది. పిల్ల రెండు చేతులూ పువ్వు మీద ఆనించి నిలబడి ఉంది.

"సరే సాబ్, బొంత కాలవెట్టుండ్రి. గా ఒక్క పువ్వు పిల్లకు ఇడిసిపెట్టుండ్రి."

"గదే కాలాలె. మిగిలింది మీరే ఉంచుకోండ్రి."

"పువ్వు తీస్తే బొంత ఎక్కడిది?" అంది వెనకనుంచి ఒక పిల్ల.

సాంబయ్య కిరసనాయిలు డబ్బాతో తిరిగొచ్చేలోగా బిల్కీస్ తెగించింది. మడత పెడుతున్నట్టు బొంత మీదికి వంగి, కొంగు కింద కత్తెర ఆడించింది. ఒక్క రేకు చాలు. పిల్ల పిడికిట్లో దాచుకునేంత ముక్క చాలు. మూడు పొరల మందం. కత్తెర కరకరమంది. సగం రేకు తెగింది.

కత్తెర మీద చిన్న చెయ్యి పడింది.

"వద్దు టీచర్," అంది సుగుణ మెల్లగా.

"మీ బాపు చూస్తలేడు బేటా. దాచుకో."

"వద్దు. తమ్ముడు సచ్చిపోతడు."

"అట్ల కాదమ్మా, బట్టకూ జరానికీ..."

"కాదని మీకెర్కనా టీచర్? పక్కా ఎర్కనా?"

అబద్ధమైనా సరే అవునని చెప్పి ఉండాల్సింది. మంచిర్యాల డాక్టర్లకే తెలియనిది తనకేం తెలుసు? రేపు ఆ పసివాడికి ఏమన్నా అయితే, పిడికిట్లో ముక్క పెట్టుకుని ఈ పిల్ల బతుకంతా ఎట్లా బతకాలి? సుగుణ ఆమె వేళ్లలోంచి కత్తెర తీసి పక్కన పెట్టింది. బొంతను తనే మడిచి, తనే మోసుకెళ్లి తండ్రికి ఇచ్చింది.

పెరట్లో అంటించారు. కిరసనాయిలు మంట భగ్గుమని లేచి వెంటనే ఆరిపోయింది. బొంత మాత్రం దట్టమైన కుట్ల వల్ల లోలోపల రాజుకుంటూ పొగలు కక్కింది. కుట్లు గింజకు గింజ ఆనినట్టు దగ్గర దగ్గరగా పడాలని పిల్లల వెంటపడి కుట్టించింది బిల్కీసే. సాంబయ్య కట్టెతో పొడిచి మరికొంచెం నూనె పోశాడు. జగపతిరావు చూడలేక గేటు దాకా వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇంకెంత సేపు టీచర్?" అంది సుగుణ. "జల్ది కాలితే జరం జల్ది దిగుతది గద?"

బిల్కీస్ సాంబయ్య చేతిలోని కట్టె తీసుకుంది. కళ్లలోకి పొగ కొడుతున్నా, పువ్వు పైకి వచ్చి ముందు కాలేలా బొంతను తిరగేసింది.