ఆమెన్ వచ్చేదాకా

దైవాశీర్వాదం ప్రార్థన మొదలుపెడితే కూర చల్లారిపోతుందని అమెరికాలోని ఫ్రీమాంట్ తెలుగు క్రైస్తవులందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. ఆ ఆదివారం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. సన్నీవేల్ నుంచి సంఘ పెద్ద సుందర్ రాజ్ గారు వచ్చారు. ఫ్రీమాంట్‌లో కొత్తగా పెట్టబోయే తెలుగు ఆరాధనను ఎవరి చేతికి అప్పగించాలో తేల్చవలసింది ఆయనే.

ఉదయం ఆరాధన అయ్యాక, చికెన్ వేపుడూ పులిహోరా డబ్బాల్లో సర్దుకుని ఆయన్ని ఓక్లండ్ కొండల్లోని రెడ్‌వుడ్ పార్కుకి తీసుకొచ్చారు. దైవాశీర్వాదం మనసులో వేరే పార్కు ఉండేది. అక్కడ కుక్కల్ని రానివ్వరని అతని భార్య వసంతకుమారి దీనికి పట్టుబట్టింది.

ఆ కుక్క వాళ్ళది కాదు. పక్కింటి మిసెస్ కార్ల్‌సన్‌ది, పేరు రస్టీ. డెబ్బై ఆరేళ్ళ ఆ ముసలావిడకి రేపు పొద్దున్నే గుండె ఆపరేషన్, వసంతకుమారి నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే. కుక్కని ఎవరు చూస్తారంటూ రెండు నెలలు వాయిదాలు వేసింది. నేను చూస్తానని వసంతకుమారి చేతిలో చెయ్యేసి చెప్పాకే కాగితాల మీద సంతకం పెట్టింది. ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి, రిసీవర్ రస్టీ నోటి దగ్గర పెట్టమంటుంది. అది మొరిగాకే పడుకుంటుంది. "దాని గొంతు వినపడని రోజున ఇంటికొచ్చేస్తాను" అని నవ్వుతూనే అంది. అన్నంత పనీ చేసే మనిషని వసంతకుమారికి బాగా తెలుసు.

గంటసేపు నడిచాక చెట్ల కింద చెక్కబల్ల దొరికింది. ఆకాశాన్నంటే ఆ చెట్ల మధ్య మిట్టమధ్యాహ్నం కూడా సందె వెలుగే. వాళ్ళ పదేళ్ళ కూతురు నవోమి డబ్బాల మూతలు తీసింది. సుందర్ రాజ్ గారు, "బ్రదర్, మీరే ప్రార్థన చేయండి" అన్నారు.

దైవాశీర్వాదం చేతులు రెండూ ఎత్తితేగానీ ప్రార్థన చేయలేడు. ఎత్తాడు. కుక్క గొలుసు ఉన్నది అందులో ఒక చేతిలోనే.

ఆకుల మీద గొలుసు ఈడ్చుకుపోతున్న చప్పుడు వసంతకుమారికి వినబడింది. కళ్ళు తెరిచింది. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని చిన్నప్పుడు మొట్టికాయలు తిని నేర్చుకున్న మనిషి. అయినా తెరిచింది. రస్టీ ఒక ఉడత వెనకాల వాగు వైపు వాలులోకి దిగిపోతోంది. గొలుసు దాని వెంట గంతులేస్తోంది.

అరవడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఆయన, "యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ..." అన్నాడు. హమ్మయ్య, అయిపోయింది, ఒక్క క్షణం ఓర్చుకుంటే ఆయన పరువు నిలుస్తుంది అనుకుంది. "అలాగే తండ్రీ, ఈ దేశమందలి మా తెలుగు బిడ్డలను..." అని ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. కుక్క తోక పొదల్లో మాయమైంది. తెలుగు బిడ్డల తర్వాత ప్రార్థనలోకి అధికారులు వచ్చారు, వాళ్ళ తర్వాత రోగులు. ఆమెన్ వచ్చేసరికి అడవి నిశ్శబ్దంగా ఉంది.

"వేర్ ఈజ్ రస్టీ?" అంది నవోమి.

"వచ్చిన దారినే కార్ దగ్గరికి పోయుంటుంది, పదండి పదండి" అంటూ దైవాశీర్వాదం పైకి పరుగెత్తాడు. అందరూ అతని వెనకాలే వెళ్ళారు. వసంతకుమారి కూడా వెళ్ళింది! తప్పు దారని తెలిసి కూడా. పెద్దమనిషి ముందు, ప్రార్థనలో కళ్ళు తెరిచానని ఏ ముఖం పెట్టుకుని చెప్తుంది? అదే దొరుకుతుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంటూ అరగంట నడిచింది. కొండమీంచి మంచు పొగలా దిగడం మొదలైంది. వాచీ చూసుకుంది. మూడున్నర.

ఎదురుగా తన కుక్కతో ఒక అమెరికన్ దిగి వస్తున్నాడు. కార్లు ఆపే చోటునుంచే వస్తున్నానని, దారిలో ఏ కుక్కా కనబడలేదని చెప్పాడు. "గొలుసుతో పోయిందా? అయ్యో! ఈ చెట్ల వేళ్ళలో చిక్కుకుంటే మెడకి ఉరి పడుతుంది" అన్నాడు.

వసంతకుమారి భర్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమండీ, అది ఇటు రాలేదు. వాగు వైపు దిగింది."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"ఎప్పుడు చూశావ్?"

"మీరు ప్రార్థన చేస్తుంటే."

దైవాశీర్వాదం ముఖం నల్లబడింది. "చూసి చెప్పవేం?"

"ఆమెన్ వస్తుందనుకున్నానండీ" అంది, ఏడుపు ఆపుకుంటూ.

సుందర్ రాజ్ గారు చెట్ల పైకి చూశారు. వసంతకుమారి ఇక ఎవరి ముఖమూ చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వెనక్కి పరుగు తీసింది. బల్ల దాటి వాలులో సగం దిగుతూ సగం జారుతూ పోయింది. మోచేయి గీసుకుపోయింది. ఆగి పిలిచింది. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. కింద ఎక్కడో గొలుసు ఒక్కసారి గలగలమంది.

కూలిన చెట్టు వేళ్ళకి గొలుసు నాలుగు చుట్లు పడింది. రస్టీ ముందుకాళ్ళు గాలిలో ఉన్నాయి, నాలుక నీలంగా బయటికి వచ్చింది. ఒక చేత్తో ఎత్తబోతే లేవలేదు, రెండు చేతులా ఎత్తితే మెడపట్టీ బకిల్ విప్పడానికి చెయ్యి లేదు.

"ఏమండీ!" అని అరిచింది. ఆ అరుపు విన్నవాడెవడూ ఆగడు. దైవాశీర్వాదం ఆదివారం సూటుతోనే బురదలో జారుకుంటూ వచ్చిపడ్డాడు.

"ఎత్తండి! మెడ కాదు, పొట్ట కింద పట్టుకుని ఎత్తండి!"

ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు. ఆమె బకిల్ పట్టుకుని లాగింది. ఒకసారి జారింది, రెండోసారీ జారింది. మూడోసారికి బకిల్ ఊడింది. రస్టీ గొరగొరమని ఊపిరి పీల్చింది, దగ్గింది, ఆయన చొక్కా మీద కక్కింది. ఆయన దింపలేదు. పైన కారు దాకా మోస్తూనే ఉన్నాడు.

ఊపిరి బాగానే ఆడుతోంది, కానీ ఇంటికొచ్చేదాకా అది ఒక్కసారి కూడా మొరగలేదు.

ఆరింటికి ఫోన్ మోగింది. "ఎలా ఉన్నాడు నా పిల్లాడు?" అంది మిసెస్ కార్ల్‌సన్. వసంతకుమారి రిసీవర్ దాని నోటి దగ్గర పెట్టింది. రస్టీ తోక ఊపింది, గొంతు మాత్రం రాలేదు.

"వసంతా, వాడు మాట్లాడడేం?" అంది ముసలావిడ.

మధ్యాహ్నం నోరు మూసుకుని చేసిన నష్టం చాలు అనుకుంది వసంతకుమారి. "పార్కులో తప్పించుకున్నాడు. గొలుసు చిక్కుకుని గొంతు నలిగింది. తప్పు నాది, చూసి కూడా ఊరుకున్నాను. ఇప్పుడు నా ఒళ్ళోనే ఉన్నాడు. మీరొకసారి పిలవండి."

 అవతలి నుంచి, "రస్టీ! ఒరేయ్ దొంగా!" అన్న కేక గదంతా వినబడింది. కుక్క చెవులు నిక్కించింది. బొంగురుగా, తుప్పు పట్టిన తలుపు తీసినట్టుగా, ఒక్కసారి మొరిగింది.

"సరే" అంది ముసలావిడ ఏడుస్తూ. "రేపు కోయమను మీ డాక్టర్ని."

మధ్యాహ్నం ముట్టని కూరనే వేడిచేసి బల్ల మీద పెట్టారు. సుందర్ రాజ్ గారు మళ్ళీ దైవాశీర్వాదాన్నే ప్రార్థన చేయమన్నారు. అతను ఒక చెయ్యే ఎత్తాడు. వసంతకుమారి తల వంచి, ఉండబట్టలేక కళ్ళు తెరిచి బల్ల కిందకి చూసింది. రస్టీ అక్కడే ఉంది. దాని మెడ మీద భర్త రెండో చెయ్యి ఉంది.

తలెత్తేసరికి ఆయన కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఆమెనే చూస్తున్నాయి.

"ఆమెన్" అన్నాడు. కూర ఇంకా పొగలు కక్కుతోంది.