పెరుకు

మూడో వాయి పిక్కలు పెనంలో పోసి జీవరాజు పొడుగాటి ఇనుప గరిటెతో కలియతిప్పుతున్నాడు. జీడిపిక్క వేడెక్కితే నూనె కక్కుతుంది. ఆ నూనె అంటుకుని మంట లేస్తుంది. మంట వెంట వచ్చే పొగ గొంతులోకి దిగి అక్కడే కాపురం పెడుతుంది. జీవరాజు గొంతులో అది కాపురం పెట్టి ఇరవై ఏళ్లయింది. చేతులు మోచేతుల దాకా నల్లబడి, పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఆదివారం చర్చిలో కానుక సంచి అతని దగ్గరికి వస్తే, పట్టుకున్నవాడు తన వేళ్లు తగలకుండా జరుపుకుంటాడు. ఈ చేతులు వేయించిన పప్పు మాత్రం తెల్లగా, ముద్దుగా ఎక్కడెక్కడి పెళ్లిళ్ల పాయసాల్లోనో తేలుతుంది. తినేవాళ్లకి ఆ పొగ కంపేం తెలుసు?

పోయినేడు పనివాళ్లంతా కూలి పెంచమన్నారు. యజమాని పెంచలేదు. దానికి బదులు అందరికీ ఆరోగ్య బీమా చేయించి, నర్సీపట్నంలో ఇలాంటి కంపెనీ మరొకటి లేదని గేటు పక్కన బోర్డు కట్టించాడు. మెడలో దండ వేయించుకుని ఫొటో కూడా దిగాడు, సిగ్గులేకుండా. ఆ వారంలోనే జీవరాజు దగ్గుకి మందు కోసం ఆఫీసుకి వెళ్తే అసలు సంగతి తెలిసింది. మందులకి రూపాయి రాదు. పెద్దాసుపత్రిలో మంచమెక్కితేనే బీమా పలుకుతుంది.

అంతటితో వదిలారా? ఆ బీమాకి కంపెనీ కట్టిన సొమ్మును జీతంలో కలిపి చూపించాలని కొత్త గుమస్తా చినబాబు కనిపెట్టాడు. జీతం చీటీలో దానికి ఇంగ్లీషులో పెర్క్, అంటే జీతం మీద అదనంగా ఇచ్చే సదుపాయం, అని పేరు పెట్టాడు. పనివాళ్ల నోట్లో అది పెరుకు అయింది. పెరికేది గనక పెరుకు అనుకున్నారు, అందులో తప్పేముంది? అది కలిసేసరికి జీవరాజు జీతం కాగితం మీద పెరిగి, కొత్తగా వచ్చిన వృత్తిపన్ను నెలనెలా కోతపడటం మొదలైంది. చేతికి రాని జీతానికి పన్ను. గోరుచుట్టు మీద రోకటిపోటు. జీవరాజు దాన్నీ సహించాడు. సహించడం అతనికి బాగా అలవాటు.

ఇవాళ మాత్రం సహిస్తే కుదరదు. కూతురు లీలకి విశాఖలో నర్సింగు చదువుకి పిలుపొచ్చింది. హాస్టల్లో ఉచితంగా ఉండాలంటే తండ్రి ఆదాయం సర్కారు గీసిన గీత దాటకూడదు. జీతం సర్టిఫికెట్టు రేపటిలోగా ఇవ్వాలి. లేకపోతే చదువు లేదు, లీల కూడా పిక్కలు కొట్టడానికి ఇదే షెడ్డులో కూర్చోవాలి. లీల వేళ్లు నల్లబడటం జీవరాజు తలచుకోలేడు.

పొద్దుటి టీ గంట కొట్టగానే ఆఫీసు గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రానివ్వరు, బల్లలకి నూనె అంటుతుందట. చినబాబు పకోడీలు తింటున్నాడు. పొట్లం కాగితంతోనే మూతి తుడుచుకున్నాడు.

"ఏటి జీవరాజూ?"

"పాపకి జీతం సర్టిఫికెట్టు గావాలండి బాబూ. రేపే ఆకరు రోజు."

చినబాబు తీరిగ్గా పుస్తకం తిప్పాడు. "రాసిస్తాను గానీ, నీది గీత దాటిపోనాది. ఫ్రీ సీటు రాదు."

"నా సేతికొచ్చింది రాయండి బాబూ, సాలు."

"సేతికొచ్చిందేటి? కంపెనీ ఇచ్చిందంతా జీతమే. బీమా నీది కాదేటి?"

"అయితే ఆ పెరుకు పెరికేయండి బాబూ. నాకొద్దు."

చినబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నారా? పెరుకు పెరికేయమంటన్నాడు!" అని లోపలి గదికి వినబడేలా అరిచాడు. లోపల మేనేజరూ నవ్వాడు. చినబాబు నోట్లోంచి పకోడీ ముక్కలు పుస్తకం మీద రాలాయి.

నవ్వడం అయ్యాక, బీమా నాకు అక్కర్లేదు, నా ఇష్టపూర్వకంగా మానుకుంటున్నాను అని చినబాబే ఒక కాగితం రాసి ముందుకు తోశాడు. మిషన్ బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో జీవరాజు సంతకం చేశాడు. అప్పుడు చేతికొచ్చే జీతం మాత్రమే చూపించి సర్టిఫికెట్టు ఇచ్చారు.

మధ్యాహ్నం భార్య ప్రేమావతి అన్నం తెచ్చింది. అతను కాగితం ఆమె చేతిలో పెట్టి జరిగింది చెప్పాడు.

"మరి నీకేటైనా అయితే?" అంది ప్రేమావతి.

"నాకేటవుద్ది? బేగి ఎళ్లి పాపకియ్యి. కాయితం మడత పెట్టీకు." చాలా రోజుల తరువాత అతని మొహంలో సంతోషం కనబడింది.

ఎండ వాలేవేళకి పెనం దగ్గర దగ్గు తెర లేచింది. ఎప్పటిలా ఆగలేదు. గరిటె వదలకుండానే జీవరాజు కూలబడ్డాడు. పక్క పెనం దగ్గరున్న లోవరాజు పరుగెత్తుకొచ్చి తల ఒళ్లోకి తీసుకున్నాడు. జీవరాజు నోటి నుంచి నల్లటి కళ్లె, దానిలో ఎర్రజీర.

"జీపు తియ్యండి బాబూ! పెద్దాసుపత్రికి ఎళ్లాల!" అని అరిచాడు లోవరాజు.

మేనేజరు చినబాబు వైపు చూశాడు.

"పొద్దుటే పెరికేశాం కదండీ," అన్నాడు చినబాబు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వాళ్లు చేసిన మర్యాద అదొక్కటే. జీపు షెడ్డులోంచి కదల్లేదు. ఎవరో రిక్షా పిలిచారు. అబీద్ సెంటర్ దాటుతుండగా లోవరాజు ఒళ్లో దగ్గు ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల తరువాత జీవరాజు దగ్గకుండా పడుకున్నాడు.

మర్నాడు సమాధి దగ్గర్నుంచి లోవరాజు లీలని నేరుగా దరఖాస్తులు తీసుకునే ఆఫీసుకి తీసుకెళ్లాడు. అక్కడి గుమస్తా సర్టిఫికెట్టు చదివి, లీల ఏడుపు మొహం చూసి, సంగతేమిటని అడిగాడు.

"తండ్రి పోయాడా? మరి ఈ కాగితం ఎందుకమ్మా? ఆదాయం లేదని రాసేస్తే సరి," అని జాలిగానే అన్నాడు. సర్టిఫికెట్టు వెనక్కి ఇచ్చేశాడు. లీలకి హాస్టల్లో ఉచిత సీటు దొరికింది.

వారం తరువాత ప్రేమావతి కంపెనీకి వెళ్లింది, ఆయన వస్తువులేమైనా ఉంటే తీసుకుపొమ్మని కబురొస్తే. పనిలోకి దిగేముందు విప్పి తగిలించిన చొక్కా లోవరాజు ముందే ఇంటికి చేర్చాడు. ఇక మిగిలింది కుళాయి గట్టు మీద ఆయన చేతులు రుద్దుకుని అరగదీసిన ఎర్ర సబ్బుముక్క ఒకటి, దాని మీద నల్లగా నాలుగు వేళ్ల నొక్కులు.