పుస్తకం మీద పాత తేదీ

కార్మిక చట్టానికి తగ్గట్టు పనివాళ్ల నియమాల పుస్తకం కావాలంటే సిరొంచ దుకాణదారులంతా ఫహ్మిదా దగ్గరికే వచ్చేవారు. పనిగంటలు, సెలవులు, యంత్రాల దగ్గర జాగ్రత్తలు అన్నీ మరాఠీలో, తెలుగులో రాసి ఇచ్చేది.

ఆ ఆగస్టులో కిషన్ సేటు రైసుమిల్లుకు రాసిచ్చింది. మూడోరోజే సేటు పిలిపించి తలుపు మూశాడు.

"దీని మీద జూన్ తేదీ వెయ్యాలె."

"ఇప్పుడు రాసింది గద సేట్?"

"మన కూలి జంగు చెయ్యి బెల్టుల పడ్డది జులైల. అంతకుముందే అందరికి చదివి చెప్పినమని ఉండాలె. రేపు చెకింగ్‌కు లేబర్ సాహెబ్ వస్తుండు. నువ్వే పోయి జంగు వేలిముద్ర తే." ఆగి, గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు మా లారీ మీదనే ఉన్నడు. ఈ వానల భామ్రాగడ్ కిరాయి ఒకటుంది. ఎవర్ని పంపాల్నో చూస్తున్న."

వాగులు పొంగితే ఆ దారిలో ఏమవుతుందో ఆమెకు తెలుసు. తలూపి బయటపడింది.

జంగు గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. ఆమె సిరాడబ్బా తెరిచింది.

"ఏం రాసినవ్ బిడ్డా? జర చదువు."

"బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ లేకపోతే ఆ పని చెయ్యనని చెప్పే హక్కు పనివాడికి ఉంది," అని చదివింది.

జంగు తన చేతికట్టు వైపు చూసుకున్నాడు. "జాలీ లేదని నేను చెప్పిన. చేస్తవా, పోతవా అన్నడు సేటు. గిట్ల హక్కుంటదని నాకెవ్వరు చెప్పలే." ఆ పైన ఎడమ బొటనవేలు చాపాడు. "ఏడ పెట్టాలె?"

ఆ నమ్మకం చూసి ఆమెకు ఇంకా భయమేసింది. డబ్బా మూసేసింది. "వద్దు కాకా. తేదీ తప్పున్నది."

మర్నాడు అధికారి ముందు సేటు ఆమెనే చూస్తున్నాడు. అయినా చెప్పింది: "ఈ నెలనే రాసిన సార్. జూన్ల ఈ పుస్తకం లేదు."

జాలీలు బిగించేదాకా మిల్లు ఆగింది. జంగు దెబ్బ కాగితాలకెక్కింది. ఆ సాయంత్రమే ఆమె తమ్ముడు ఒవైస్‌ను భామ్రాగడ్ పంపారు.

రెండు రోజులు ఫోను కలవలేదు. వాన తెరిపివ్వలేదు. భామ్రాగడ్ దారిలోని అహేరి నుంచి వచ్చే ప్రతి బస్సుకూ ఫహ్మిదా ఎదురెళ్లింది, దిగేవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తూ. మూడోరోజు మధ్యాహ్నం ఒవైస్ దిగాడు, మోకాళ్లదాకా బురదతో.

"వాగుల లారీ ఒరిగిందక్కా. దుంకి బయటపడ్డ."

ఆమె వాడి చేతులు పట్టుకుని, రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసింది. ఎంతకీ వదల్లేకపోయింది.